ఉమ్మడి సర్వర్‌లో శివారు సీటు: మెమరీ మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఒక సర్వర్, దాని మీద పదిమందో ముప్పైమందో, పొద్దున్న బాగానే నడుస్తుంది, పదకొండు దాటేసరికి మౌస్ కూడా కదలదు. డబ్బులుంటే ర్యామ్ కొనెయ్యడం తేలికే, కానీ కొన్నాక కూడా మళ్లీ అదే కథ మొదలైన చోట్లు కొన్ని చూశాను కాబట్టి ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నాను. ప్రింటర్ల గురించి రాసినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ ల్యాబ్ అండి. 32 జీబీ ర్యామ్ ఉన్న ఒక లినక్స్ సర్వర్, దానికి 28 థిన్ క్లయింట్లు (పనంతా సర్వర్ చేస్తే తెర మాత్రం చూపించే సీట్లు). పిల్లలు వాడేది లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, అంతే. టాప్ కమాండ్‌లో చూస్తే లిబ్రే ఆఫీస్ ఒక్కొక్కరికీ 250 ఎంబీ చూపిస్తోంది, అంటే 28 మందికి 7 జీబీ. ఫైర్‌ఫాక్స్ కూడా కలిపితే మొత్తం 40 జీబీ దాటిపోతోంది, ఉన్నదేమో 32, స్వాప్ (ర్యామ్ చాలకపోతే పేజీల్ని పంపే చోటు, మామూలుగా డిస్క్ మీద) కూడా పెట్టలేదు! ఇదెలా కుదురుతుంది? 64కి పెంచమని ప్రిన్సిపాల్‌గారిని అడగమంటారా?
— ల్యాబ్ ఇన్‌ఛార్జి, అమలాపురం

అడగకండి. కనీసం ఈ వారం అడగకండి, ఎందుకంటే మీ కూడికే తప్పు.

టాప్‌లో మీరు చూసింది రెస్ అనే కాలమ్. ఈ ప్రోగ్రామ్ వాడుతున్న పేజీల్లో (మెమరీని పంచే చిన్న ముక్కల్లో) ప్రస్తుతం ర్యామ్‌లో ఎన్ని ఉన్నాయో అది చెప్తుంది గాని, అవి దాని సొంతమా, పదిమందితో కలిసి వాడుకునేవా అన్నది చెప్పదు. లిబ్రే ఆఫీస్ కోడ్, లైబ్రరీలు 28 మంది తెరిచినా ర్యామ్‌లో ఉండేది ఒక్క కాపీయే, కెర్నల్ (సిస్టమ్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రామ్) ఆ ఒక్కదాన్నే అందరికీ చూపిస్తుంది. టాప్ మాత్రం దాన్ని 28 సార్లు లెక్కేస్తుంది. ఒకే ఇంట్లో ఉన్న ఐదుగురినీ విడివిడిగా పిలిచి మీకు ఇల్లుందా అని అడిగి, వీధిలో ఐదు ఇళ్లున్నాయని రాసుకోవడం లాంటిదే ఇది.

సరైన లెక్క పీఎస్‌ఎస్. ఉమ్మడి పేజీని ఎంతమంది వాడుతుంటే అంతమందికీ సమానంగా పంచి ఎవరి వాటా వాళ్ల ఖాతాలో వేస్తుంది. లినక్స్ కెర్నల్‌లో 2.6.25 నుంచి, అంటే 2008 నుంచి ఉంది, అయినా ఇప్పటికీ రెస్ చూసే గుండెలు బాదుకుంటాం. ఎస్‌మెమ్ అనే చిన్న ప్యాకేజీ వేసుకుని రూట్‌గా, అంటే అడ్మిన్ ఖాతాతో, నడపండి (లేకపోతే మీ సొంత ప్రాసెస్‌లే కనిపిస్తాయి), యూజర్లవారీగా చూపించే ఆప్షన్ కూడా అందులో ఉంది. ఉదాహరణకి మీ 250లో 100 ఉమ్మడిది అనుకుందాం. ఒక్కొక్కరి సొంతం 150, 28 మందికి 4,200, దానికి ఆ ఉమ్మడి 100 ఒక్కసారి కలిపితే 4,300 ఎంబీ. మీరు వేసిన 7,000 ఎక్కడ, ఇదెక్కడ?

పనిలో పనిగా ఫ్రీ కమాండ్ కూడా. మెమరీ మొత్తం లెక్క చూపించేది అదే. అందులో ఫ్రీ అనే కాలమ్ చూసి టెన్షన్ పడకండి, చూడాల్సింది అవైలబుల్.

ఇక నిజంగా తినేవాళ్ల సంగతి. పోయిన ఏడాది కాలవ గట్టున ఉన్న ఒక కాలేజీకి ఇలాంటి పని మీదే వెళ్లాను. భోజనాల వేళ, ల్యాబ్‌లో ఫ్యాన్లు కూడా ఆపేశారు, అటెండర్ గుమ్మం దగ్గర క్యారేజీ విప్పుకుంటున్నాడు. సర్వర్‌లో చూస్తే 19 మంది లాగిన్ అయి ఉన్నారు, 19 ఫైర్‌ఫాక్స్‌లు నడుస్తున్నాయి, ఒకదాంట్లో క్రికెట్ స్కోరు దానంతటదే రిఫ్రెష్ అవుతోంది. పిల్లలు లాగౌట్ కొట్టరు, బల్ల కింద స్విచ్ కట్టేసి పరిగెడతారు. ఎక్స్‌ఆర్‌డీపీ లాంటి రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే చోట థిన్ క్లయింట్ ఆగిపోతుంది గాని సెషన్ సర్వర్ మీద అలాగే కూర్చుంటుంది. కరెంటు పోయినా అంతే, థిన్ క్లయింట్లు ఆరిపోతాయి, సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది కాబట్టి అన్నీ మోస్తూనే ఉంటుంది. మీ ల్యాబ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి లాగిన్‌సీటీఎల్ కొట్టి ఎంతమంది ఉన్నారో చూడండి, తర్వాత నాకు ఉత్తరం రాయండి. ఎక్స్‌ఆర్‌డీపీ సెస్‌మన్ సెట్టింగుల్లో డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌ని ఇంతసేపటికి మూసెయ్యమని చెప్పే వీలుంది, 20 నిమిషాలు పెట్టండి. లాగౌట్ అయినా వెనకాల మిగిలిపోయే ప్రాసెస్‌లకి, లాగిన్ల సంగతి చూసే లాగిన్‌డీ సెట్టింగుల్లో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ అని ఉంటుంది, డెబియన్‌లో మామూలుగా ఆఫ్‌లో వస్తుంది, దాన్ని ఆన్ చెయ్యండి. ఆ దెబ్బకే సగం పని అయిపోవచ్చు.

మిగిలింది బ్రౌజర్. బ్రౌజర్‌కి తను ఉమ్మడి ఇంట్లో ఉన్నానని తెలీదు, మెషీన్ మొత్తం తనదే అనుకుంటుంది. వెనక బటన్ నొక్కగానే పేజీ ఠక్కున రావాలని ఫైర్‌ఫాక్స్ పాత పేజీల్ని కట్టెయ్యకుండా అలాగే మెమరీలో ఉంచుకుంటుంది, ఎన్ని ఉంచాలో మెషీన్‌లో ర్యామ్ ఎంతుందో చూసి తనే నిర్ణయించుకుంటుంది, గరిష్ఠంగా 8. మీ దగ్గర 32 జీబీ చూసి ఎనిమిదీ ఉంచేద్దాం అనుకుంటుంది, పక్కన ఇంకో 27 ఫైర్‌ఫాక్స్‌లు అదే 32 చూసి అదే అనుకుంటున్నాయని దానికెలా తెలుస్తుంది? సెషన్‌హిస్టరీ కింద మ్యాక్స్ టోటల్ వ్యూయర్స్ అనే సెట్టింగ్‌ని 1 చెయ్యండి, కావాలంటే 0. ఇది 28 సీట్ల దగ్గరికీ తిరిగి పెట్టక్కర్లేదు, ఈటీసీలో ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్ కింద పాలసీస్ ఫైల్ ఒక్కటి రాస్తే అందరికీ వర్తిస్తుంది. అదే ఫైల్‌లో యాడ్‌లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ కూడా అందరికీ వేసెయ్యండి. అది కూడా కొంత మెమరీ తీసుకుంటుంది, కాదనను, కానీ మన వార్తల సైట్లలో ఒక వార్త చుట్టూ ఎన్ని యాడ్‌లు వేలాడుతుంటాయో తెలిసిందే, అక్కడ ఖర్చు తిరిగి వచ్చేస్తుంది.

ఒక్క విషయం. 2021 నుంచి ఫైర్‌ఫాక్స్ ఒక్కో సైట్‌ని ఒక్కో ప్రాసెస్‌లో విడిగా పెట్టడం మొదలుపెట్టింది, దానివల్ల మెమరీ పెరిగింది, నిజమే. దాన్ని ఆఫ్ చేస్తే తగ్గుతుందని ఎవరో ఒకరు మీకు చెప్తారు. పిల్లలు ఫీజులు కట్టే మెషీన్ మీద నేనైతే ఆ పని చెయ్యను, ఆ గోడ కట్టింది ఒక సైట్ ఇంకో సైట్ గుట్టు లాక్కోకుండా ఉండడానికి.

ఇవన్నీ చేశాక కూడా పదకొండు గంటలకి అవైలబుల్ 2 జీబీ కిందకి పడిపోతుంటే, అప్పుడు ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్లండి, చేతిలో ఎస్‌మెమ్ కాగితంతో.

ప్రశ్న: మా సిస్టమ్ చూసే కుర్రాడు ప్రతి పది నిమిషాలకీ క్యాష్ మొత్తం ఖాళీ అయ్యేలా క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేదాంట్లో) ఏదో పెట్టాడు. ఫ్రీ మెమరీ బాగా పెరుగుతోంది గాని జనం ఇంకా స్లో అంటున్నారు.
— తణుకు

తీసెయ్యమనండి, ఇవాళే. ఆ క్యాష్ అంటే ఇదివరకు చదివిన ఫైళ్లని కెర్నల్ ఖాళీగా ఉన్న ర్యామ్‌లో దాచుకున్నది, ఎవరికైనా అవసరమైతే వెంటనే ఇచ్చేస్తుంది. దాన్ని ఊడ్చేస్తే, తర్వాత ఎవరు ఏ ఫైల్ తెరిచినా మళ్లీ డిస్క్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. వండిన అన్నం పదిగంటలకి పారబోసి గిన్నె ఖాళీగా ఉందని సంబరపడడం ఇది.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్, శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. 16 జీబీ సర్వర్ మీద నలుగురు ఆపరేటర్లు. ఇంక్‌స్కేప్, క్రీటా ఎవరికి వాళ్లు ఆప్‌ఇమేజ్‌లు (ఒకే ఫైల్‌గా వచ్చే ప్రోగ్రామ్‌లు) దించుకుని తమ హోమ్ ఫోల్డర్లలో పెట్టుకున్నారు. తెలుగు ఫాంట్లు కూడా అంతే, ఒక్కొక్కరి దగ్గర 400 పైనే. మీరు పోయినసారి ఉమ్మడి కాపీ ఒక్కటే ఉంటుందన్నారు కదా, మాకెందుకు లాభం కనపడట్లేదు?
— పాలకొల్లు

ఎందుకంటే మీవాళ్లు వేరు కాపురాలు పెట్టేశారు. నా దృష్టిలో ఉమ్మడి సర్వర్లలో జరిగే వృథాలో ఎక్కువ భాగం ఇదే, పైకి కనపడదు కూడా.

కెర్నల్ దృష్టిలో ఒకే ప్రోగ్రామ్ అంటే పేరు ఒకటే అని కాదు, డిస్క్ మీద ఫైల్ ఒకటే అని. నలుగురి హోమ్ ఫోల్డర్లలో నాలుగు ఇంక్‌స్కేప్‌లు ఉంటే, అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నా సరే, ర్యామ్‌లోకి నాలుగు వస్తాయి. ఆప్‌ఇమేజ్‌తో ఇంకో చిక్కుంది. అది తనకి కావాల్సిన లైబ్రరీలన్నీ తన మూటలోనే తెచ్చుకుంటుంది, నడిపిన ప్రతిసారీ ఆ మూటని కొత్తగా మౌంట్ చేసుకుంటుంది, అంటే ఒక ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. అంటే నలుగురూ ఒకే ఆప్‌ఇమేజ్ ఫైల్‌ని వాడినా, మౌంట్లు నాలుగు కాబట్టి లోపలి ఫైళ్లు కెర్నల్‌కి నాలుగు వేర్వేరు ఫైళ్లే. సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీలు పక్కనే ఉండి కూడా వీటికి పనికిరావు.

కాబట్టి డిస్ట్రిబ్యూషన్ రిపాజిటరీలో ఉన్న ఇంక్‌స్కేప్‌నే ఒకసారి అందరికీ వెయ్యండి. కొత్త వెర్షనే కావాలని ఎవరైనా పట్టుబడితే, ఆ ఆప్‌ఇమేజ్‌ని ఎక్స్‌ట్రాక్ట్ ఆప్షన్‌తో ఒక్కసారి విప్పేసి ఆప్ట్ ఫోల్డర్‌లో పెట్టండి, నలుగురూ అక్కణ్నుంచే నడుపుతారు. ఫ్లాట్‌పాక్ (ఇలాంటిదే ఇంకో రకం ప్యాకేజీ) అయితే యూజర్‌కి విడిగా కాకుండా సిస్టమ్‌వైడ్‌గా వెయ్యండి, అదే రన్‌టైమ్ (ఉమ్మడి లైబ్రరీల కట్ట) మీద నడిచేవన్నీ ఆ రన్‌టైమ్‌ని పంచుకుంటాయి.

ఫాంట్లదీ అదే కథ. 400 ఫాంట్లు నాలుగు చోట్ల ఉంటే నాలుగు ఇండెక్సులు తయారవుతాయి, ఎవరి ఇండెక్సు వాళ్ల ప్రోగ్రామ్‌లు మెమరీలోకి తెచ్చుకుంటాయి. అన్నిటినీ సిస్టమ్ ఫాంట్ల ఫోల్డర్‌లోకి చేర్చి, ఆ ఇండెక్సు తయారుచేసే ఎఫ్‌సీ-క్యాష్ రూట్‌గా ఒకసారి నడిపి, హోమ్ ఫోల్డర్లలోవి తీసెయ్యండి. అసలు ఆ 400లో మీవాళ్లు శుభలేఖల్లో నిజంగా వాడేవి ఎన్ని? ఇరవై దాటవని నా పందెం.

ప్రశ్న: ఆక్వా ల్యాబ్ నడుపుతున్నాం. ఆరుగురు ఒకే సర్వర్ మీద రిపోర్టులు రాస్తారు, చెరువు ఫోటోలు, రొయ్య ఫోటోలు పెడతాం. ఒక్కో ఫోటో 3 ఎంబీయే, డాక్యుమెంట్ మొత్తం 40 ఎంబీ కూడా ఉండదు, అయినా తెరిచి కిందకి జరుపుతుంటే మెమరీ వందల ఎంబీలు లేస్తోంది. ఇదేం మాయ?
— భీమవరం

మాయేం లేదండి, గుణకారం. 3 ఎంబీ అన్నది నొక్కి పెట్టిన సైజు. తెర మీద చూపించాలంటే విప్పాలి, విప్పితే ప్రతి చుక్కకీ 4 బైట్లు. ఫోన్ కెమెరా 12 మెగాపిక్సెల్ అంటే 4000 అడ్డం, 3000 నిలువు, కోటీ ఇరవై లక్షల చుక్కలు, అంటే 48 ఎంబీ. రొయ్య తోక మీద మచ్చ చూపించడానికి అంత ఫోటో కావాలా అన్నది మీరే ఆలోచించుకోండి. పది ఫోటోలు ఒకేసారి విప్పితే 480. మీ మానిటర్ మొత్తం కలిపినా 1920 ఇంటూ 1080, అంటే 8 ఎంబీ చిల్లర, మిగతాదంతా చూసే దిక్కులేని చుక్కలే.

లిబ్రే ఆఫీస్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేస్తే కంప్రెస్ అని ఉంటుంది, ఎ4 కాగితానికి 150 డీపీఐ చాలు, రెజల్యూషన్ తగ్గించెయ్యండి. ఒరిజినల్ వేరే ఫోల్డర్‌లో దాచుకోండి, రేపు బయ్యరెవరైనా అడిగితే ఉంటుంది. డెస్క్‌టాప్ వాల్‌పేపర్ కూడా ఇంతే, ఆరుగురూ పొద్దున్నే ఒక్కసారి లాగిన్ అవుతుంటే ఆరు చోట్లా ఆ పెద్ద ఫోటోని విప్పి, చిన్నది చేసి, అతికించాలి. దేవుడి పటమైనా సరే, చిన్నది చేసి పెట్టండి.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో 4 జీబీ పాత కంప్యూటర్ ఒకటి మెయిన్‌గా పెట్టి, దానికి ఇంకో రెండు పాతవి తగిలించి ముగ్గురు వాడుకునేలా చేశాం. ర్యామ్ ఇంకా పెంచడానికి మదర్‌బోర్డు ఒప్పుకోదు. హార్డ్ డిస్క్ మీద స్వాప్ పెడితే చచ్చిపోతోంది. వదిలెయ్యమంటారా?
— రాజోలు దగ్గర నుంచి

వదలకండి, జడ్‌ర్యామ్ పెట్టండి. కోనసీమవాళ్లకి ఇది చెప్పడం తేలిక: వదులుగా పోసిన కొబ్బరిపీచు షెడ్డంతా నిండుతుంది, ప్రెస్‌లో నొక్కి బేలు కడితే ఓ మూలకి సర్దుకుంటుంది. వాడకుండా పడున్న పేజీల్ని డిస్క్‌కి పంపకుండా ర్యామ్‌లోనే నొక్కి పెట్టడమే జడ్‌ర్యామ్ పని, మామూలుగా సగానికి నొక్కుతుందని లెక్క వేసుకోవచ్చు. ఫెడోరా 33 నుంచి, అంటే 2020 నుంచి, అది దానంతటదే వస్తోంది. డెబియన్, ఉబుంటుల్లో జడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి ర్యామ్‌లో 50 శాతం పెట్టండి. స్వాపినెస్‌ని (పేజీల్ని స్వాప్‌కి పంపడానికి కెర్నల్ ఎంత మొగ్గాలో చెప్పే అంకె) కూడా 100కి పెంచొచ్చు, కెర్నల్ 5.8 నుంచి 200 దాకా ఒప్పుకుంటుంది, డిస్క్‌కి వెళ్లే స్వాప్ కాదు కదా, భయం లేదు. కాకపోతే ముందే నొక్కేసి ఉన్న సరుకుని ఇంకా నొక్కలేం, ప్రాసెసర్ మీద కూడా కాస్త భారం పడుతుంది.

దాంతోపాటు డెస్క్‌టాప్ ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటి తేలికైనదానికి మార్చండి, లాగిన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవి ఉండే ఎక్స్‌డీజీ ఆటోస్టార్ట్ ఫోల్డర్ తెరిచి చూడండి. అప్‌డేట్ గుర్తుచేసేది, బ్లూటూత్‌ది, ఫైళ్లన్నీ వెతికి ఇండెక్స్ చేసేది, ఒక్కోటి ముగ్గురికీ మూడేసి నడుస్తుంటాయి. ఆ కంప్యూటర్‌కి బ్లూటూత్ ఉందా అసలు?

ప్రశ్న: రైస్ మిల్లు ఆఫీసులో విండోస్ సర్వర్ మీద ఎనిమిది మందిమి రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేస్తాం. మెమరీ క్లీనర్ సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాం, బటన్ నొక్కగానే 70 శాతం ఉన్నది 40కి దిగుతోంది గాని ఎక్సెల్ ఐదు నిమిషాలు బిగుసుకుపోతోంది.
— మండపేట

బస్తాలు గోదాంలోంచి రోడ్డు మీదకి దింపి గోదాం ఖాళీ అయిందన్నట్టుంది. ఆ క్లీనర్ ప్రోగ్రామ్‌ల చేతుల్లోంచి పేజీల్ని లాగేస్తుంది, అంకె తగ్గుతుంది, ఆ పేజీలే మళ్లీ కావాలి కాబట్టి ఎక్సెల్ వాటికోసం కూర్చుంటుంది. తీసెయ్యండి. గ్రూప్ పాలసీలో డిస్‌కనెక్ట్ అయిన సెషన్లకి టైమ్ లిమిట్ పెట్టండి, ఇంటికెళ్లేవాళ్లు విండో మూలన ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే అది లాగౌట్ కాదని చెప్పండి. ఎక్సెల్‌లో పద్దు దాటి కింద ఉన్న ఖాళీ గళ్లన్నిటికీ రంగులు, గీతలు కొట్టే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి, ధాన్యం పద్దు 300 వరసలే ఉన్నా ఫైల్ లక్షల వరసలు మోస్తుంటుంది.

ప్రశ్న: సర్వర్‌ని డెబియన్ 13కి మార్చాక ప్రాసెస్‌లన్నీ కలిపినా రానంత మెమరీ ఎక్కడికో పోతోంది.
— నరసాపురం

టెంప్ ఫోల్డర్ చూడండి. 2025లో వచ్చిన డెబియన్ 13 నుంచి అది మామూలుగా ర్యామ్‌లోనే ఉంటుంది, మొత్తం ర్యామ్‌లో సగం దాకా పెరగొచ్చు. ఎవరో అందులోకి పెద్ద వీడియో దించుకుని ఉంటారు. ఫ్రీ కమాండ్‌లో షేర్డ్ అనే కాలమ్ చూస్తే బయటపడుతుంది. పేరు చూసి లైబ్రరీల ఉమ్మడి లెక్క అనుకుంటారు చాలామంది, కాదు, ఇలా ర్యామ్‌లో ఉండే ఫైళ్ల లెక్కే ముఖ్యంగా అందులో కనపడేది. పెద్ద డౌన్‌లోడ్‌లకి వార్‌లో ఉన్న టెంప్ ఫోల్డర్ చూపించండి, లేదా సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేదాంట్లో) టెంప్ మౌంట్‌ని మాస్క్ చేస్తే, అంటే మొదలవకుండా ఆపేస్తే, పాత పద్ధతిలోనే డిస్క్ మీదకి వెళ్లిపోతుంది.

ప్రశ్న: మా ఆఫీసులో పన్నెండు మందిమి ఒకే లినక్స్ సర్వర్ మీద. ఒకాయన 60 ట్యాబ్‌లు తెరుస్తాడు, చెప్తే వినడు, పెద్దాయన. సర్వర్ నిండిపోయి ఏదో ఒకటి చచ్చిపోతే అది ఎప్పుడూ వేరేవాళ్లదే అవుతోంది. ఆలస్యంగా వచ్చే నాలాంటివాళ్లకి డెస్క్‌టాప్ కూడా రాదు. దీనికి మర్యాదైన దారి ఏదైనా ఉందా?
— రావులపాలెం

ఉంది, మీకు కొత్తదేం కాదు. ఎగువన ఇష్టమొచ్చినట్టు తోడేస్తే శివారు చేలకి నీరందదు, అందుకే దాళ్వాలో నీళ్లు తక్కువైతే వంతులవారీ పెడతారు. సిస్టమ్‌డీ ప్రతి యూజర్‌నీ ఒక స్లైస్‌లో (మెమరీ లెక్క విడిగా ఉండే అరలో) పెడుతుంది, ప్రతి యూజర్ స్లైస్‌కీ విడివిడిగా వర్తించేలా ఒకే చిన్న ఫైల్‌లో రెండు అంకెలు రాస్తే చాలు. మొదటిది మెమరీహై, అది దాటినవాళ్లని చంపదు, షట్టర్ కాస్త దించుతుంది, ఆయన ప్రోగ్రామ్‌లు మందగిస్తాయి, పేజీలు స్వాప్‌కి వెళ్తాయి. రెండోది మెమరీమ్యాక్స్, అది దాటితే ఆయన స్లైస్‌లోదే ఏదో ఒకటి పోతుంది, మీది పోదు.

అంకెల దగ్గర పిసినారితనం వద్దు. మీది 16 జీబీ అనుకుందాం, దాన్ని పన్నెండుతో భాగించి అందరికీ 1.3 పెడితే అందరూ ఇబ్బంది పడతారు, అందరూ ఒకే క్షణంలో అంతా వాడరు కదా. హై 2.5, మ్యాక్స్ 3.5 దగ్గర మొదలుపెట్టి ఏ స్లైస్ ఎంత వాడుతోందో చూపించే సిస్టమ్‌డీ-సీజీటాప్‌లో రెండు వారాలు గమనించి సవరించుకోండి. స్వాప్ గాని జడ్‌ర్యామ్ గాని తప్పకుండా ఉండాలి, లేకపోతే హై దాటినప్పుడు పంపడానికి చోటు లేక ఆయన సెషన్ పూర్తిగా కొయ్యబారిపోతుంది, ఆ ఫోన్ మీకే వస్తుంది.

సీజీటాప్‌లో ఒక తిరకాసు ఉంది, ముందే చెప్తున్నాను. ఉమ్మడి పేజీని ఎవరు ముందు తాకితే అది వాళ్ల ఖాతాలోనే పడుతుంది, తర్వాత ఎంతమంది వాడినా. పీఎస్‌ఎస్ లాగా పంచదు. అందుకని పొద్దున్నే ఎనిమిదింటికే వచ్చి అన్నీ తెరిచి కూర్చునే మనిషి ఎవరైనా ఉంటే ఆయన అంకె మిగతావాళ్లకంటే ఎక్కువ కనపడుతుంది. అది చూసి ఆయన్ని నిలదీసేరు, పాపం.